ఫొటోలో మా తలుపు

నేను లేనప్పుడు నా మూడేళ్ల కూతురు సిద్రా దగ్గరికి ఎవరైనా వస్తారేమోనన్నదే నా భయం.

నేను కుట్టే గౌన్ల కోసం తమ్ముడు తౌఫీక్ ఒక్క పేజీ వెబ్‌సైట్ చేసి క్లౌడ్‌లో పెట్టాడు. "నేను మారిస్తే తప్ప చుక్క కూడా మారదు ఆపా" అన్నాడు. సిద్రాకి గౌను తొడిగి, మూసిన మా తలుపు ముందు నిలబెట్టి తీసిన ఫొటో ఇచ్చాను. భవానీపురంలోని మా ఇంటి అడ్రసూ పెట్టించాను. తప్పు నాదే.

ఈ రాత్రి సిద్రాని మా అమ్మీ దగ్గర వదిలి, పెళ్లి బట్టలివ్వడానికొచ్చి చల్లపల్లిలో ఆగిపోయాను. పేజీ తెరిస్తే, ఫొటోలో తలుపు ఓరగా తీసి ఉంది.

తౌఫీక్‌కి ఫోన్ చేశాను. "నేనేం ముట్టుకోలేదు ఆపా. నీకన్నీ అనుమానాలే, పడుకో."

మళ్లీ తెరిచాను. సిద్రా ముఖం తలుపు వైపు తిరిగి ఉంది. ఇంట్లో ఉన్న అమ్మీకి ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు.

భవానీపురంలో ఉన్నవాళ్లెవరైనా ఒకసారి వెళ్లి నా బిడ్డని చూడండి.