పోస్టుమాస్టరు కోటు

పాత పోస్టాఫీసులో పెట్టిన మ్యూజియానికి దర్జీ చీకటిపడే వేళకు వెళ్ళాడు. అక్కడ చెక్కబొమ్మకు తొడిగిన పోస్టుమాస్టరు కోటు వాళ్ళ తాత కుట్టింది. ఆయన చేతిపనిలో మిగిలింది అదొక్కటే. చంక దగ్గర కుట్టు విడిపోయి ఉంది.

“ఈ ఏడాదిలో ఇది మూడోసారి మాస్టారూ,” అన్నాడు కాపలాదారు. “కట్టెబొమ్మ ఎక్కడైనా లావెక్కుతుందా, మీరే చెప్పండి.”

అతను పక్కగదుల్లో లైట్లు ఆర్పడానికి వెళ్ళాడు. తాత కుట్టు అంత తేలిగ్గా విడిపోదని దర్జీకి తెలుసు. జేబులోంచి టేపు తీసి బొమ్మ ఛాతీ చుట్టూ వేశాడు. ముప్పై ఎనిమిది. చూస్తుండగానే ముప్పై తొమ్మిదైంది. మెల్లగా తగ్గింది. మళ్ళీ పెరిగింది.

 నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ దర్జీ నోరు దానంతటదే పలికింది.

“కాస్త ఊపిరి బిగపట్టండి సార్.”

టేపు కదలకుండా నిలిచిపోయింది.