పొద్దుగూకే లోపల

టంగ్... టంగ్... ఇనుముకు లోహమేదో తగులుతున్న సన్నని చప్పుడు కిటికీలోంచి వచ్చింది.

హెడ్ క్లర్కు ప్రహ్లాద్ కలం ఆపి బయటికి తొంగిచూశాడు.

నాంపల్లిలోని ఆ పెద్ద కచేరి ముంగిట, ఇనుప జెండాకొయ్యకు నుదురానించి ఒక ముసలవ్వ నిలబడి ఉంది. వణికే చేతి కడియం కొయ్యకు తగిలి మోగుతోంది.

ప్రహ్లాద్ గబగబా మెట్లు దిగాడు. కాషాయం పైకి ఉండాలి. వస్త్రం నేలను తాకరాదు. పొద్దు పొడిచాక ఎగరాలి, పొద్దుగూకేలోపల దిగాలి. జెండా మర్యాదలన్నీ అతనికి దేవుడి నామాల్లా కంఠస్థం.

"ఏయ్ అవ్వా! ఒరుగనీకి గోడ దొరకలేదా? జరుగు జర!"

అవ్వ జరిగింది. కొంగు భుజాల నిండా కప్పుకుని చేతులు జోడించింది.

"మీ కోసమే చూస్తున్న సారూ. జర జెండ కిందికి దించిపియ్యున్రి. మొత్తం గాదు, సగానికి."

"ఎందుకు?"

"మా ఇంటాయన తెల్లారంగ పోయిండు."

వరండాలో చాయ్ తాగుతున్న గుమాస్తాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"గవర్నరు గారు పోయిన్రా ఏంది?" అన్నాడు కిషన్. "మాకు టెలిగ్రాం గిట్ల రాలేదే అవ్వా!"

వరండా పక్కున నవ్వింది.

అవ్వ ఆ నవ్వును విన్నట్టే లేదు. "పోయినేడు నెహ్రూ సారు పోయిన్నాడు సగానికి దించిన్రు గద. గట్లనే. ఇయ్యాల పొద్దుగూకే దాక చాలు. గాయన పానం నిమ్మలమైతది."

ప్రహ్లాద్ గొంతు కొంచెం మెత్తబడింది, నియమం మెత్తబడలేదు.

"గట్ల దించరాదవ్వా. ఢిల్లీకెళ్లి హుకుం రావాలె. రాష్ట్రపతి, ప్రధానమంత్రి, గసుంటోళ్లకే. మీ ఆయ్న హోదా ఏంది?"

"హోదా అంటే?"

"ఏం నౌకరి చేసేటోడు?"

"సర్కారు నౌకరే సారూ. మీరు దినాం చూసేదే గద..."

"మేం దినాం చూసేది సూపరింటెండెంటు మొకమే!" కిషన్ మధ్యలో అందుకున్నాడు. "ఆయన గింకా గట్టిగనే ఉన్నడు!"

ప్రహ్లాద్ చెయ్యెత్తి నవ్వులను ఆపాడు.

"పేరు చెప్పవ్వా. పెద్ద సారును ఒక మాట అడిగి చూస్త."

అవ్వ కళ్ళు క్షణం వెలిగాయి. పెదవి కదిలింది. అంతలోనే కొంగు నోటికి అడ్డం పోయింది.

"పెనిమిటి పేరు నోట్లెకెళ్లి ఎట్ల తీయాలె సారూ? ఆయనకు ఆయుష్షు తగ్గదా?"

"పోయినోనికి ఇంకేం ఆయుష్షు?" అన్నాడు కిషన్.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అవ్వ తలెత్తి జెండాను ఒక్కసారి చూసింది. ఆమె కన్నీళ్ళలో మూడు రంగులూ కలిసిపోయి ఉంటాయి.

"పోయొస్త సారూ. ఇంటికాడ ఆయన ఒక్కడే ఉన్నడు."

ఆమె కచేరి వెనక్కి మళ్ళి, వేపచెట్ల మాటున కనుమరుగైంది.

ఆ మధ్యాహ్నమంతా ప్రహ్లాద్ కలం సాగలేదు. తానేమీ తప్పు చేయలేదు. నియమం నియమమే. అయినా ఎక్కడో ఒక ముల్లు.

రోజూ అయిదు కొట్టేసరికి అతను ఆబిడ్స్ రోడ్డు మీద, సుల్తాన్ బజార్‌లోని ఇంటిదారిలో ఉండేవాడు. ఆనాడు ఒక ఫైలు అతణ్ణి కదలనివ్వలేదు. అతను వరండాలోకి వచ్చేసరికి కచేరి ఖాళీ అయింది. పడమర ఎర్రబారింది.

జెండా ఇంకా పైనే ఉంది.

ప్రహ్లాద్ మెట్లు దిగుతూ అరిచాడు.

"ఎవడ్రా గాడ? పొద్దు గూకుతుంది! జెండ దించేటోడేడి?"

తానే పరుగెత్తి తాడు పట్టుకున్నాడు. ముడి ఊడలేదు. ఎర్రని సూర్యుడు మిద్దెల వెనక్కి జారుతున్నాడు.

పక్కనుంచి ఒక ముడతల చెయ్యి వచ్చి, తాడు కొసను సుతారంగా లాగింది. ముడి విడిపోయింది.

పొద్దుటి అవ్వే. తడి చీర. జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఇయ్యాల గడప దాటొద్దు గదవ్వా! ఎందుకొచ్చినవ్?"

"పొద్దు ఆగదు గద సారూ."

జెండా నెమ్మదిగా దిగసాగింది. సగానికి వచ్చి నిలిచింది. అవ్వే ఆపిందో, ఆమె చేతులే ఆగిపోయాయో.

ప్రహ్లాద్ వద్దనలేదు.

కాసేపటికి జెండా మళ్ళీ కదిలి కిందికి వచ్చింది. నేలను తాకకముందే అతను రెండు చేతులా అందుకున్నాడు.

"దినాం దించేటాయన యాడికి పోయిండు?" అడిగాడు మెల్లగా.

"కాష్టం మీదున్నడు సారూ."

ప్రహ్లాద్ తన చేతుల్లోని జెండా వైపు చూశాడు. అతను పొద్దున వచ్చేసరికే ఎగురుతూ ఉండే జెండా. సాయంత్రం వెళ్ళేటప్పుడూ ఎగురుతూనే ఉండే జెండా. ఇన్నేళ్ళ నౌకరీలో, ఎక్కించే చేతులను గానీ, దించే చేతులను గానీ అతను ఒక్కనాడూ చూడలేదు.

"మరి... ఇయ్యాల పొద్దుగాల ఎవరెక్కిచ్చిన్రు?"

"నేనే. ఆయన మీద దుప్పటి కప్పి వచ్చిన. జెండ లేకుంట తెల్లారొద్దని ఆఖరి మాట జెప్పిండు."

ప్రహ్లాద్ తల వంచుకున్నాడు. జెండాను జాగ్రత్తగా మడిచాడు.

"అవ్వా, రేపు అందరిని గీడ నిలబెడ్త. ఎవరి కోసం నిలబడాలెనో చెప్పాలె గద."

అవ్వ చెయ్యి అలవాటుగా కొంగు మీదికి పోయింది. కానీ నోటిదాకా లేవలేదు. చీకటి పడుతున్న ఆ ఉత్త కొయ్య వైపు చూస్తూ, పెళ్ళినాటినుంచి ఒక్కసారీ పలకని ఆ పేరును ఆమె పైకే పలికింది:

"బాలమల్లు."