పెళ్ళికూతురి పళ్ళు

"అన్నీ పీకేయండి డాక్టరు గారూ. ఒక్కటీ ఉంచొద్దు," అంది మిసెస్ క్లెగ్, క్యాబేజీలు బేరమాడినంత తేలిగ్గా.

కుర్చీలో నోరు తెరుచుకుని పడున్న ఆవిడ కూతురు హెట్టీకి ఒళ్ళు మండిపోయింది. పీకేది తన పళ్ళు. ఇరవై రెండేళ్ళ పళ్ళు. ఒక్కటి కదిలింది లేదు, ఒక్కటి పుచ్చింది లేదు. కింది వరసలో ముందు నాలుగు పళ్ళకి చిగురు జారి మొదళ్ళు పచ్చగా బయటపడ్డాయి, చన్నీళ్ళు తగిలితే జివ్వుమంటున్నాయి, అంతే. ఆ నాలుగింటి కోసం మొత్తం పీకించాలట. పెళ్ళి ఇంకా నాలుగు వారాలుంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో మా లాంకషైర్ బట్టల మిల్లు ఊళ్ళలో అది మర్యాద. పెళ్ళికి ముందే పిల్ల పళ్ళన్నీ ఊడబెరికించి, కట్టుడు పళ్ళు కానుకగా ఇస్తే మొగుడికి జీవితాంతం పంటి నొప్పుల బెడద ఉండదు. హెట్టీ వాళ్ళ వీధిలో పెళ్ళయిన ఆడది ఆపిల్ పండు కొరగ్గా చూసిన వాళ్ళు లేరు. తల్లి సంగతి సరేసరి. ఆదివారం భోజనాల్లో పేగుల కూర ఇరుక్కుంటే, బల్ల దగ్గరే పళ్ళు ఊడదీసి, నాలుకతో నాకి మళ్ళీ లోపల పెట్టుకుంటుంది. పడుకోబోయే ముందు వాటిని జామ్ సీసాలో వేసి నీళ్ళ తొట్టి పక్కన పెడుతుంది. పొద్దున్నే మొహం కడుక్కోవడానికి వెళితే అవి మురికి నీళ్ళలోంచి ఇకిలిస్తుంటాయి. కన్నతల్లి అని కూడా చూడకుండా హెట్టీకి అసహ్యం వేసేది.

డాక్టర్ పిల్లింగ్ కుర్రవాడు, ఊరికి కొత్త. చిగుళ్ళు నొక్కి చూసి, పళ్ళు ఎలా తోముతావమ్మా అని అడిగాడు. హెట్టీ తరఫున తల్లే జవాబు చెప్పింది: పొగగొట్టం మసిలో ఉప్పు కలిపి, గట్టి బ్రష్షుతో అడ్డంగా, రక్తం కనబడేదాకా. మిల్లులో పని ఏమిటని అడిగాడు. నేత. అంటే రోజుకి రెండొందల సార్లు, మగ్గంలో అటూ ఇటూ దారం మోసే నాడె చిల్లుకి నోరు పెట్టి దారం పీల్చాలి. నిన్న ఎవరు నోరు పెట్టారో తెలియని నాడె, నూనె, దూది, ఎంగిలి, అన్నీ కలిపి.

సగం చిగురు ఆ బ్రష్షే అరగదీసిందనీ, మిగతాది గార తినేసిందనీ చెప్పాడు పిల్లింగ్. కెటిల్లో సున్నం పేరుకున్నట్టు చిగురు కింద పేరుకుంది, నాలుగు విడతల్లో గీకేస్తానన్నాడు. మెత్తటి బ్రష్షు వాడాలి, చిగురు మీంచి పంటి వైపుకే తోమాలి, గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించాలి. జారిన చిగురు తిరిగి పైకి రాదు కానీ ఉన్నది బిగుస్తుంది, పళ్ళు ఇంకో నలభై ఏళ్ళు నిలుస్తాయి.

"ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా అమ్మా?" అన్నాడు చివరికి.

"తిరిగి రాదని మీరే అన్నారుగా. ఇంకెందుకీ గోకుడు?" అంది మిసెస్ క్లెగ్. ఆ ఊపుకి పై పళ్ళు జారితే బొటనవేలితో లోపలికి నొక్కుకుంది.

హెట్టీ డాక్టరు చెయ్యి పక్కకి తోసి లేచి కూర్చుంది. తలుపు దగ్గర టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న విల్ఫ్ వైపు చూసింది. విల్ఫ్ ట్రాము కండక్టరు, నెమ్మదస్తుడు, ఆమెకి కాబోయే మొగుడు. కొండంత ఆశ అతని మీదే పెట్టుకుంది.

"నువ్వు చెప్పు విల్ఫ్. నీకు నా పళ్ళు కావాలా, అక్కర్లేదా?"

విల్ఫ్ ఎర్రబడ్డాడు. ఆమె నవ్వంటే ప్రాణమేనని ఒప్పుకున్నాడు. అయితే వాళ్ళమ్మా, ఇద్దరు పిన్నులూ పీకించుకుని హాయిగా ఉన్నారనీ, ఎప్పుడో పడే బాధ ఇప్పుడే పడిపోతే మంచిదనీ నసిగాడు. అయినా హెట్టీ ఆఖరి ప్రయత్నం వదల్లేదు. పీకిన వెంటనే పళ్ళు కట్టరు కదా అని డాక్టర్నే అడిగింది. పుండు మాని, చిగురు కుంచించుకోవడానికి మూడు నెలలు పడుతుందనీ, ఆ తర్వాతే అచ్చు తీస్తామనీ చెప్పాడాయన.

"విన్నావా అమ్మా? బోసి నోరేసుకుని చర్చిలో నిలబడాలా నేను? ఫోటో తీయించుకోవాలా?"

ఫోటో మాటకి మిసెస్ క్లెగ్ వెనక్కి తగ్గింది. హెట్టీ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెనక్కి వాలింది. పిల్లింగ్ నవ్వుకుంటూ గార గీకే కొక్కెం అందుకున్నాడు.

"దానికేం బెంగ పిల్లా," అన్నాడు విల్ఫ్. లేచి వచ్చి, కోటు జేబులోంచి రిబ్బను కట్టిన చిన్న పెట్టె తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "పెళ్ళి రోజుదాకా దాచుదామనుకున్నాను. పీకిన వారానికే పెట్టుకోవచ్చు."

మిసెస్ క్లెగ్ కళ్ళు చెమర్చాయి. ఇలాంటి అల్లుడు ఎందరికి దొరుకుతాడని గొణిగింది. తన కోసం ఇంత ఆలోచించాడా అని హెట్టీ మనసు కూడా ఒక్క క్షణం మెత్తబడింది. మూత తీసింది. నీలం మఖమలు మీద పైవరస, కిందివరస, గులాబి రబ్బరు చిగుళ్ళతో సహా.

"అచ్చు తీయకుండా ఎవరు చేశారివి?" అని వంగి చూశాడు పిల్లింగ్.

హెట్టీ చూపు దవడ పళ్ళ మధ్య ఆగిపోయింది. అక్కడ ఎండి నల్లబడిన సోంపు గింజ, కేకులో వేసేది, ఇరుక్కుని ఉంది.

"విల్ఫ్... ఇవి కొత్తవేనా?"

విల్ఫ్ గోటితో ఆ గింజని ఊడదీసి, గోరు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"కొత్తవాటి కిందే లెక్క పిల్లా. నీకు ముందు డోరిస్‌తో కుదిరినప్పుడు దాని పళ్ళన్నీ పీకించి కట్టించాను. పెళ్ళి తప్పిపోయిన రోజు, ఎంత నిజాయితీ గల పిల్లో చూడు, ఉంగరంతో పాటు వీటినీ నోట్లోంచి తీసి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది."