నమ్మదగిన ఆధారం

“ఈవిడకు జీవితచరిత్ర పేజీ అనవసరం. తీసేద్దాం.”

తెర మీద ఆ ముక్క చదవగానే టైపిస్టమ్మకు ఒళ్లు మండిపోయింది. రాసినవాడు ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ‘కత్తెర’ అనే మారుపేరుతో తిరిగే సంపాదకుడు. పేరుకు తగ్గవాడే. సాయంత్రంలోగా గట్టి ఆధారం చూపకపోతే ఆ గజఈతగత్తె పేజీ గాల్లో కలిసిపోతుంది.

జలసంధిని ఈదిన మొదటి ఆడమనిషి ఆవిడ. కాదు, సగం దూరం పడవెక్కిందని గిట్టని మగమహారాజులు అప్పట్లోనే పుకారు పుట్టించారు. పేజీ పోతే ఆ పుకారొక్కటే మిగులుతుంది. టైపిస్టమ్మకు సహించనిది అదే.

ఆఫీసు నుంచి రిటైరైనా ఆమె వేళ్లకు వేగం తగ్గలేదు. ముందుగా ఈత నేర్పిన గురువు రాసిన పుస్తకం చూపించింది.

“గురువు శిష్యురాల్ని పొగడక తిడతాడా? చెల్లదు,” అన్నాడు కత్తెర.

ఆవిడ మేనల్లుడి బ్లాగు చూపించింది.

“కాకిపిల్ల కాకికి ముద్దు. ఇదీ చెల్లదు.”

“ఆ రోజు నేనక్కడే ఉన్నాను బాబూ! ఆవిడ పడవ ముఖం కూడా చూడలేదు.”

“మీరుంటే సరిపోదండీ. అచ్చులో ఉండాలి. అదీ ఆవిడతో ఏ సంబంధమూ లేనివాళ్లు రాసుండాలి.”

టైపిస్టమ్మ పళ్లు నూరింది. కాఫీ తెచ్చిన కూతురు తల పట్టుకుంది.

“ఎందుకమ్మా నీకీ పంతం? ఆ పేజీ లేకపోతే కొంపలేం మునిగిపోవు.”

“కొంప కాదే, పరువు మునుగుతుంది. ఎవడో తలాతోకా లేనివాడు పడవెక్కిందంటే నోరు మూసుకు కూర్చోవాలా?”

విసురుగా లేచి బీరువాలోంచి ఒక పాత పత్రిక లాగింది. కూతురు గతుక్కుమంది.

“అదొక్కటీ వద్దమ్మా! అది చూస్తేనే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. అది అచ్చయిన రోజే పత్రికాఫీసుకు ఫోన్ చేసి దులిపేస్తానంటే నువ్వేగా ఆపావు!”

“ఆపాను. ఇలాంటి రోజొకటి వస్తుందనే ఆపాను. పెద్ద పత్రిక, సొంత విలేఖరి. వాడేమన్నా చుట్టమా, పక్కమా? జలసంధి ఈదిందని నిక్షేపంలా రాశాడు. నాకది చాలు.”

అది గజఈతగత్తె మరణవార్త. అంతకుముందు ఆవిడ గురించి ఒక్క ముక్క రాయని పత్రిక, పోయిందనగానే ఆకాశానికెత్తేసింది. రేవు అధికారుల రికార్డులు చూసి మరీ రాసింది. పడవ ఊసే లేదు.

టైపిస్టమ్మ ఆ పేజీని ఫొటో తీసి చర్చలో పెట్టింది. కత్తెర నుంచి జవాబొచ్చింది.

“స్వతంత్ర పత్రిక. విలేఖరి సొంతంగా విచారించి రాశాడు. ఇంతకంటే నమ్మదగిన ఆధారం ఉండదు. పేజీ ఉంచుతున్నాం. మీ మనసు నొప్పించి ఉంటే మన్నించండి. ఆవిడ ఆత్మకు శాంతి కలగాలి.”

“కలిగింది బాబూ, ఇప్పుడే కలిగింది,” అని టైపు చేసి, పత్రికవాళ్లు పొరపాటున చంపేసిన ఆ గజఈతగత్తె కుర్చీలోంచి లేచి, ఈత దుస్తుల సంచీ భుజాన వేసుకుంది.