మలబార్ క్వీన్ మనిషి

"ఓడ ఎక్కినోడు ఒక్కడన్న లేకుంటే అది ఓడ సభ ఎట్లయితది? రేపు నిజామాబాద్ నుంచి పెద్దసారు వచ్చి, ఆ ఓడను కండ్లతోటి చూసినోడు మీల ఎవడయ్యా అంటే ఏం చెప్తవు?"

రామ్‌దాస్ పటేల్ దేవన్నను గద్దించాడు. 'మలబార్ క్వీన్ స్మారక సంఘం'కు రామ్‌దాస్ అధ్యక్షుడు, బడిపంతులు దేవన్న కార్యదర్శి. మిగతా సభ్యులంతా రామ్‌దాస్ బావమరుదులే.

బోధన్ నుంచి సముద్రం చూడాలంటే ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చోవాలి. అయినా పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదిలో రామ్‌దాస్ బాపు ఆ ఓడెక్కి లండన్ పోయి వచ్చాడు. పోయి ఏం చేశాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. పోయాడు, అంతే. ఇప్పుడు బాపూ లేడు, ఓడా లేదు. ఆ ఘనత మాసిపోకూడదని రామ్‌దాస్ చౌరస్తాలో సిమెంటు ఓడ కట్టించాడు. కట్టిన నర్సింలు జన్మలో ఓడను చూడలేదు, చూసిందల్లా చక్కెర కార్ఖానానే. అందుకని ఓడకు మూడు పొగగొట్టాలు మొలిచాయి. మూడూ కార్ఖానా గొట్టానికి తోబుట్టువుల్లా ఉన్నాయి.

"ఒకడున్నడు పటేలా," అన్నాడు దేవన్న తల గోక్కుంటూ. "ఎడపల్లిల కాశయ్య అని. ఇరవై ఏండ్లు బొంబాయిల ఉండి వచ్చిండు. మలబార్ క్వీన్ మీద పని చేసిన్నని చెప్తడట."

జీపు ఎడపల్లికి పోయేసరికి కాశయ్య కడాయిలో పసుపు ఉడకేస్తున్నాడు. అరవై దాటిన మనిషి. ఓడ పేరు చెవిన పడగానే చేతిలో కట్టె కింద పడేసి లేచి నిలబడ్డాడు.

"దాని పేరు మీకెట్ల ఎరుక పటేలా?"

"నువ్వు దాని మీద పని చేసినవా లేదా, అది చెప్పు."

"చేసిన. పద్నాలుగు నెలలు ఒక్క దినం ఇడువకుంట చేసిన. కని నా పని ఏం పనంటే..."

"చిన్నదైతే ఏంది, పెద్దదైతే ఏంది! బొగ్గేసినా, బోళ్లు తోమినా ఓడ మనిషి ఓడ మనిషే."

"అది గాదు, జర నా మాట ఇనుండ్రి..."

"నీ మాట రేపు మైకుల ఊరంత ఇంటది. తెల్ల ధోతి కట్టుకొని రా."

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. "ఉన్నదున్నట్టు చెప్పరాదయ్యా?" అంది కాశయ్య భార్య చంద్రవ్వ.

"ఆయన ఇంటేగా, చెప్పెటందుకు!" అన్నాడు కాశయ్య.

మర్నాడు పొద్దున్నే వచ్చి కాశయ్య సిమెంటు ఓడ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. తల అడ్డంగా ఊపాడు.

"దీనికి గొట్టాలు రెండే పటేలా. మూడు గాదు."

రామ్‌దాస్ గడియారం చూసుకున్నాడు. పెద్దసారు రావడానికి ఇంకా గంట ఉంది. నర్సింలును పిలిపించి మూడో గొట్టం కొట్టెయ్యమన్నాడు. నర్సింలు నిచ్చెనెక్కి పైనుంచి పెచ్చులు రాలగొడుతుంటే కాశయ్య ఉండబట్టలేకపోయాడు.

"పై నుంచి గాదు బిడ్డా, మొదలు కాడ ఈ దిక్కు నాలుగు దెబ్బలెయ్యి. అదే ఒరుగుతది."

నాలుగు దెబ్బలకు గొట్టం అడ్డంగా పడింది. "చూసినవా దేవన్నా! ఓడ నాడి తెలిసినోడంటే ఈయన!" అని మురిసిపోయాడు రామ్‌దాస్.

సభ నిండింది. పెద్దసారు పక్కనే కాశయ్యను కూర్చోబెట్టి దేవన్న ప్రశ్నలు మొదలుపెట్టాడు. అంతస్తులెన్ని? ఏడు. తలుపులెన్ని? ఐదువందల పన్నెండు, అన్నీ టేకువే. అడుగు రేకు మందమెంత? అంగుళం మీద పావు. కాశయ్య తడుముకోకుండా చెబుతున్నాడు.

రామ్‌దాస్ ఆగలేక అడిగాడు. "మా బాపు నలభై మూడో నంబరు గదిల పోయిండట. అది యాదికున్నదా?"

"ఎందుకు లేదు పటేలా? ఎడమ దిక్కు. గుండ్రటి కిటికి, దానికి ఇత్తడి కట్టు. అండ్ల పండుకుంటే నీళ్ల సప్పుడు మంచిగ ఇనొస్తది."

బాపు ప్రయాణం గురించి అంత మాట కూడా ఎవరూ చెప్పి ఎరగరు. రామ్‌దాస్ కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

"అది లేకుంట అయిన దినం నేను బువ్వ తినలే," అన్నాడు కాశయ్య మెల్లగా. "తెల్లారి పోయి సూస్తే గా జాగల ఉత్త నీళ్లున్నయి."

ఆడవాళ్ల వరసలో ముక్కులు చీదడం వినబడింది. రామ్‌దాస్ ఒక్క ఉదుటున లేచి మైకు అందుకున్నాడు.

"ఇసొంటి ఓడను పోగొట్టిన పాపాత్ముల చేతులు పడిపోను! ఇగో, ఈ చేతులు చూడుండ్రి. పద్నాలుగు నెలలు దాన్ని కనిపెట్టుకున్న చేతులివి!"

కాశయ్య చేతులు వెనక్కి లాక్కోబోయాడు. వినయమనుకుని రామ్‌దాస్ మరింత గట్టిగా పట్టుకుని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. అధ్యక్షుడు అద్దుకున్నాక తాను ఊరుకుంటే బాగుండదని పెద్దసారూ అద్దుకున్నాడు. బావమరుదులు వరస కట్టారు. చప్పట్లు ఆగడానికి చాలా సేపు పట్టింది.

"ఇగ చెప్పు కాశన్నా. ఆ ఓడ మీద నువ్వు ఏం పని చేసినవో నీ నోటితోటి చెప్పు," అంటూ రామ్‌దాస్ మైకు చేతికిచ్చాడు.

కాశయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"నిన్నటి సంది గదే చెప్తనంటే మీరు ఇంటలేరు పటేలా. బొంబాయి సేటు దాన్ని తుక్కు కింద కొన్నంక, ముక్కలు ముక్కలు కోసిన ముఠాకు పెద్దమేస్త్రీని నేనే."