బడి గంట దాకా

స్టోవాల్ పొద్దుటి నుంచీ నించునే ఉన్నాడు. పరీక్షకు కాపలా ఉన్నవాడు కూర్చోకూడదు, ఫోను చూడకూడదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ నియమాన్ని అందరి చేతా పాటింపజేసినవాడు ఆయనే.

గదిలో మిగిలింది ఒక్క పిల్ల, ఇట్సెల్. మెక్సికో నుంచి నది దాటి టెక్సస్ వచ్చి రెండేళ్లు. ఇంట్లో స్పానిష్, బడిలో ఇంగ్లీషు. ఇలాంటి పిల్లలకు డిక్షనరీ ఇవ్వాలి, సాయంత్రం బడి విడిచే గంట కొట్టేదాకా సమయం ఇవ్వాలి. ఇది తప్పితే మళ్లీ ఐదో తరగతే.

"ఏమ్మా ఒఫీలియా, ఇంకా ఎంతసేపు?" గుమ్మంలోని టీచర్ని కసిరాడు స్టోవాల్. "రానిదానికి రోజంతా ఇస్తే మాత్రం వస్తుందా? పేపరు తీసేసుకుంటా."

"ముట్టుకోకండి సార్. గంట కొట్టాలి."

ముప్పై ఏళ్ల కిందట ఇదే గదిలో, ఐదో తరగతి పరీక్ష రాస్తున్న ఒఫీలియా డిక్షనరీని ఆయన లాక్కున్నాడు. మొదటి పేజీలో ఎర్రసిరాతో 'పనికిరాదు - స్టోవాల్' అని గీకి చెత్తబుట్టలో పడేశాడు. తొమ్మిది ప్రశ్నలు మిగిలుండగా పేపరు గుంజుకున్నాడు. ఆమె ఆ ఏడు తప్పింది. ఈ ముచ్చట ఏటా తన క్లాసుకు చెబుతుంది, పేరొక్కటే చెప్పదు.

బుట్టలోంచి ఏరుకున్న ఆ పుస్తకమే ఇవాళ ఇట్సెల్ ముందుంది. రిటైరైన మనిషిని కోరి ఈ గదికే పిలిపించిందీ ఒఫీలియానే.

ఇట్సెల్ మొదటి పేజీ తీసింది. స్టోవాల్ చొక్కా మీది పేరు బిళ్ల వంక ఒకసారి చూసింది. మళ్లీ తల వంచుకుంది.

మధ్యాహ్నం ఇట్సెల్ చిక్కుడుగింజలు చుట్టిన టాకో రొట్టె పొట్లం విప్పి, నమిలిందే నములుతూ తిన్నది. స్టోవాల్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరుగుతున్నాడు. ఒఫీలియా కడుపు చల్లబడింది. అయినా రెండింటికి గ్లాసుడు నీళ్లు తెచ్చిచ్చింది.

"కుర్చీ..." అన్నాడు.

"నియమం సార్."

పిల్ల మాత్రం ఇంకా పేజీలు తిప్పుతూనే ఉంది. ఒఫీలియా గడియారం వంక చూసింది. ఇదీ తనలాగే తప్పుతుందా? ఇంత సమయమూ చాల్లేదా?

గంట కొట్టింది. స్టోవాల్ గోడ పట్టుకుని కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

"ఎన్ని వదిలేశావు తల్లీ?"

"ఒక్కటీ వదల్లేదు, పదిన్నరకే అయిపోయింది మిస్," చెవిలో గుసగుసలాడింది ఇట్సెల్, "ఎర్రసిరా సారు ఈయనేనని తెలిశాక ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చున్నా."