ష్ష్ గారి ఎంపిక

"ముందు ఆ గోల కట్టెయ్ అమ్మాయ్! పక్క గదిలో పాఠకులున్నారు."

సహాయకురాలు రిమోట్ నొక్కింది. తెరమీది డాక్యుమెంటరీ మూగబోయింది. ముప్పై ఏళ్లుగా లైబ్రరీలో అందరి నోళ్లూ మూయిస్తున్న పెద్ద లైబ్రేరియన్‌ని సిబ్బంది చాటుగా 'ష్ష్ గారు' అంటారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. బిరుదులా మోస్తున్నారు.

ఈ ఏడాది కొనాల్సిన జాబితాలో ఒక్క చోటు మిగిలింది. పోటీలో ఉన్నవి రెండు: పిల్లల పాటల సీడీ, ఈ డాక్యుమెంటరీ. సీడీని పరిశీలనకని ఆయన నెల కిందట ఇంటికి పట్టుకెళ్లారు, ఇంకా తేలేదు. డాక్యుమెంటరీని ఆమె రెండుసార్లు చూసింది. ఆయన చూడటం ఇదే మొదలు.

"మాటలు వినకుండా ఎలా సార్?"

"మానవ హక్కుల సినిమాకి మాటలెందుకు? అన్నిట్లోనూ ఒకటే ఏడుపు. ఎవడో పిల్లలచేత పని చేయిస్తాడు, ఇంకెవడో వీడియో తీస్తాడు, మనం కళ్లొత్తుకోవాలి. అంతేగా?"

"ఆ పిల్లలింకా ఆ ఇంట్లోనే ఉన్నారు సార్. బయట తాళం. మన దగ్గర నలుగురూ చూస్తే, ఎవరో ఒకరు లేచి అడుగుతారని..."

"లేస్తారు. లేచి ఇంటికి పోతారు."

తెరమీద కిటికీల్లేని గది. పదిహేనుమంది పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. ఎదురుగా బెత్తం పట్టుకున్న మనిషి. బెత్తం పైకి లేవగానే నోళ్లన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

"చూశావా, దెబ్బ పడకముందే ఏడుపు! నేర్పించి మరీ ఏడిపించారు." ష్ష్ గారు పకపకా నవ్వారు. "పైగా గోడలక్కూడా పరుపులు! మన రీడింగ్ రూములో కుర్చీకి దిండు లేదు. వీళ్లకి హక్కులు లేవట!"

"ఆ పరుపులెందుకంటే సార్..."

"పడుకోడానికి. ఇంకెందుకు? నా మాట విని సీడీ తీసుకో. అది పెడితేగాని మా మనవరాలు నిద్రపోదు. ఎంత చక్కటి గొంతులనుకున్నావ్! ఒక్కడు దగ్గడు, ఒక్కడు శ్రుతి తప్పడు. పిల్లల్ని పెంచితే అలా పెంచాలి. నువ్వు విన్నా నిద్రపోతావు."

"మీరు తెస్తేగా సార్, వినడానికి!"

ఆ ఎత్తిపొడుపు ఆయన చెవికెక్కలేదు. డాక్యుమెంటరీ పేరుకెదురుగా 'అనవసరం' అని రాసి, సీడీ పేరుకెదురుగా సంతకం గీకారు.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సంతకం అయిపోయిందిగా సార్. ఒక్క నిమిషం వినండి చాలు. తర్వాత నేను నోరెత్తను."

"నోరెత్తవా? ఆ వరానికైతే రెండు నిమిషాలు వింటాను. చిన్నగా పెట్టు."

ఆమె రిమోట్ నొక్కింది.

ష్ష్ గారి నవ్వు సగంలో ఆగింది. రాబోయే చరణం ముందే తెలిసినట్టు, పెదాలు వాటంతటవే కదిలాయి.

పిల్లలు పాడుతున్నది ఆయన మనవరాలి జోలపాట.